రెండు దిర్హమ్‌లు, ఒక గొడ్డలి

ప్రతి రమజాన్‌లో మా మద్రసా ముంగిట పేదలు బారులు తీరుతారు. ఐదు వందల నోటు, ఒక చీర, సేమ్యాల పొట్లం పుచ్చుకొని వెళ్ళిపోతారు. ఒక వితంతు సోదరి ఆరేళ్ళు ఆ వరుసలో నిలబడింది. ఏడవ ఏట రాలేదు. మా వద్ద ఖుర్ఆన్ కంఠస్థం చేస్తున్న ఆమె కుమారుడూ రావడం మానేశాడు. విచారిస్తే, ఆమె కుట్టు మిషను కోసం వారపు కిస్తీల మీద వడ్డీకి అప్పు తెచ్చిందనీ, ఆ కిస్తీ కట్టడానికి పిల్లవాడు మెకానిక్ షెడ్డులో కుదిరాడనీ తెలిసింది. ఆరేళ్ళలో నీకేం కావాలమ్మా అని మేము ఒక్కసారైనా అడగలేదు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒక అన్సారీ యాచనకు రాగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), నీ ఇంట్లో ఏముందని ముందు అడిగారు. ఒక ముతక దుప్పటి, ఒక నీళ్ళ పాత్ర ఉన్నాయి. వాటిని తెప్పించి వేలం వేస్తే రెండు దిర్హమ్‌లు వచ్చాయి. ఒకదానితో ఇంటికి తిండి, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. స్వహస్తాలతో దానికి పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా కనిపించవద్దని పంపారు. అతడు పది దిర్హమ్‌లతో తిరిగి వచ్చాడు.

పేదవానికి పెట్టుబడి అవసరం. అది వడ్డీతో వస్తే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది. 2010లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడిపై ఆందోళన రేగి, అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వడ్డీ లేని దారీ ఉంది. 2001లో లాహోర్‌లో డాక్టర్ అమ్జద్ సాకిబ్ ఒక వితంతువుకు పదివేల రూపాయల ఖర్జె హసనాతో 'అఖువత్' సంస్థను ప్రారంభించారు. మసీదుల్లోనే అప్పులు పంచే ఆ కృషికి 2021లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు లభించింది.

ఇక్కడ ఒక ధర్మ సూక్ష్మం గమనించాలి. మన హనఫీ పండితుల ప్రకారం జకాత్ సొమ్ము అర్హుని సొంతం కావాలి. దానిని అప్పుగా ఇవ్వరాదు. కనుక జకాత్‌తో మిషను కొని సోదరికి సొంతంగా ఇవ్వవచ్చు. ఖర్జె హసనా నిధిని మాత్రం సదఖాతో, సొంత పొదుపుతో వేరుగా కూర్చుకోవాలి. అప్పును వ్రాసుకోవాలి, ఇబ్బందిలో ఉన్నవానికి గడువివ్వాలి. రెండూ ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో చేసిన బోధలే.

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులూ ఉన్నారు. ఆ పద్దు క్రిందనే మేము కొందరం కలిసి ఆ సోదరికి సాయపడి అప్పు తీర్పించాము. బాలుడు తిరిగి వచ్చాడు. షెడ్డులో గడచిన ఎనిమిది నెలల్లో నేర్చినదంతా చాలావరకు మరచాడు. ఇప్పుడు మొదటి పారా నుండి మళ్ళీ వల్లిస్తున్నాడు.

సోదర సోదరీమణులారా! ఈ రమజాన్‌లో నోటు చేతిలో పెట్టే ముందు, మీ వీధిలోని ఒక్క ఇంటికి వెళ్ళి కూర్చోండి. ఏముంది, ఏం కావాలి అని అడగండి. నలుగురూ కలిస్తే ఒక మిషనో, ఒక తోపుడు బండో వస్తుంది. వచ్చే ఏడు ఆ ఇంటివారు వరుసలో కనిపించకపోతే, ఆ లేమి మనకు సంతోషం కావాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.