నాలుగు తిరస్కారాలకు నాలుగు జవాబులు

వానలు వెనుకపట్టి ఆకాశం తేటపడిన అక్టోబరు రాత్రి, ఇషా నమాజు తర్వాత పిల్లలను వెంటబెట్టుకొని మేడ మీదికి వెళదాం. ఉత్తరం వైపు తిరిగి చూస్తే, కొంచెం పడమరగా ఒక తెల్లని నక్షత్రం ఉజ్జ్వలంగా మెరుస్తూ కనిపిస్తుంది. మన పెద్దలు దానిని అభిజిత్తు అన్నారు. ప్రపంచం ‘వేగా’ అంటుంది. దానికంటే ఎత్తులో, ఉత్తర దిక్కున ‘డెనెబ్’ ఉంటుంది. ఈ రెండు పేర్లూ అరబ్బీ భాష నుండి వచ్చినవే. ‘వేగా’ అనే మాటకు మూలం ‘వాఖి’, అంటే కిందికి వాలుతున్న గద్ద. ‘డెనెబ్’ అంటే తోక. అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ 964 ప్రాంతంలో నక్షత్ర మండలాలపై తన ప్రసిద్ధ గ్రంథాన్ని రచించిన కాలం నాటికే అరబ్బులు ఈ తారలను ఎరుగుదురు.

ఆ రెండు నక్షత్రాల నడుమ, చాచిన చేతి పిడికిలి కప్పేటంత ఆకాశ భాగాన్ని ఒక అంతరిక్ష దూరదర్శిని 2009 నుండి నాలుగేళ్ళపాటు రెప్పవాల్చకుండా చూసింది. దాని పేరు కెప్లర్. మన భూమి వంటి గ్రహాలు ఇతర నక్షత్రాల చుట్టూ ఉన్నాయా అన్న ప్రశ్నకు జవాబు వెదకడమే దాని పని. ఆ దూరదర్శిని వెనుక ఉన్న విలియం బొరూకీ అనే శాస్త్రవేత్త జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయన కనుగొన్న వాటికంటే, ఆయన ఎదురుచూసిన తీరు మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకుంది.

పది లక్షల దీపాల్లో 84

బొరూకీ 1939లో అమెరికాలో జన్మించారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని చిన్న పట్టణంలో పెరిగారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, 1962లో కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో చేరారు. అక్కడ ఆయన తొలి పనికి గ్రహాల అన్వేషణతో సంబంధం లేదు. చంద్రుని వద్దకు వెళ్ళిన అపోలో నౌకలు తిరిగి భూ వాతావరణంలోకి ప్రవేశించేటప్పుడు కాలిపోకుండా కాపాడే ఉష్ణ కవచం కోసం పరిశోధన చేశారు. ఆ తర్వాత మెరుపుల గురించి, వాతావరణం గురించి అధ్యయనం చేశారు.

1984లో ఆడ్రీ సమ్మర్స్ అనే సహచరురాలితో కలిసి ఆయన ఒక పరిశోధన పత్రం వెలువరించారు. గ్రహం తన నక్షత్రానికి, మనకు మధ్యగా వచ్చినప్పుడు ఆ నక్షత్ర కాంతి అణుమాత్రం తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలవగలిగితే, కంటికి కనిపించని గ్రహం ఉనికి తెలుస్తుంది. ఈ ఆలోచన అంతకు ముందే, 1971లో, ఫ్రాంక్ రోసెన్‌బ్లాట్ చేసినది. దానిని ఆచరణలోకి తేవడానికి ఏమి కావాలో బొరూకీ లెక్క కట్టారు.

ఆ లెక్క ఎవరినైనా నిరుత్సాహపరచేదే. భూమి వంటి గ్రహం సూర్యుని వంటి నక్షత్రం ముందుగా సాగినప్పుడు తగ్గే కాంతి, పది లక్షల వంతుల్లో సుమారు 84 వంతులు మాత్రమే. పది లక్షల దీపాలు వెలుగుతున్న మహానగరంలో 84 దీపాలు ఆరిపోతే, దూరాన నిలబడి ఆ తేడాను పసిగట్టడం వంటిదన్నమాట. అదీ ఏడాదికి ఒక్కసారి, కొన్ని గంటలసేపు మాత్రమే. పైగా ఆ గ్రహ మార్గం సరిగ్గా మన చూపుకు అడ్డంగా ఉండే అవకాశం ఇన్నూట ఒకటో వంతు. అందువల్ల పదీ ఇరవై నక్షత్రాలను చూస్తే సరిపోదు, లక్షకు పైగా తారలను ఏకకాలంలో, ఏళ్ళ తరబడి గమనించాలి.

కాదన్న ప్రతిసారీ

1992లో బొరూకీ బృందం తన పథకాన్ని నాసా ముందు ఉంచింది. ఆశయం గొప్పదే గాని, అంత సూక్ష్మంగా కాంతిని కొలిచే పరికరం లేదని పరిశీలకులు తిరస్కరించారు. ఆయన వాదనకు దిగలేదు. ప్రయోగశాలలో కాంతి గ్రాహకాలను పరీక్షించి, అవి ఆ పనికి సరిపోతాయని నిరూపించారు.

1994లో మళ్ళీ అడిగారు. ఖర్చు మితిమీరుతుందన్న జవాబు వచ్చింది. దూరదర్శిని కక్ష్యను మార్చి వ్యయం తగ్గించి, ఆ ఖర్చును ఒకటికి మించిన పద్ధతులలో లెక్క వేయించారు. ఈ దశలోనే, కార్ల్ సాగన్‌తో సహా కొందరు సహచరులు పట్టుబట్టి పథకం పేరును కూడా మార్పించారు. నోరు తిరగని పాత పేరు పోయి, గ్రహ గమన సూత్రాలను కనుగొన్న యోహన్నెస్ కెప్లర్ పేరు వచ్చింది.

1996లో మూడోసారి అడిగారు. వేలాది నక్షత్రాల కాంతిని ఒకేసారి, యంత్రంతో కొలిచిన వారు ఇంతవరకు ఎవరూ లేరన్నారు. బొరూకీ బృందం కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో ఒక చిన్న దూరదర్శినిని నెలకొల్పి, వేలాది తారలను ఏకకాలంలో కొలిచి చూపించింది.

1998లో నాలుగోసారి అడిగారు. అంతరిక్ష నౌకలో ఉండే కంపనాలు, ఇతర లోపాల నడుమ కూడా ఆ సూక్ష్మత నిలుస్తుందని చూపించమన్నారు. అప్పుడు వారు ప్రయోగశాలలోనే ఒక కృత్రిమ ఆకాశాన్ని నిర్మించారు. లోహపు రేకులో సన్నని రంధ్రాలు చేసి, వాటి గుండా కాంతిని పంపి నక్షత్రాలుగా మలిచారు. కొన్ని రంధ్రాలకు అడ్డంగా అతి సన్నని తీగలు అమర్చారు. తీగలోకి విద్యుత్తు పంపితే అది వేడెక్కి రవ్వంత లావవుతుంది, భూమి వంటి గ్రహం అడ్డువచ్చినంత మాత్రమే కాంతి తగ్గుతుంది. ఆ తగ్గుదలను వారి పరికరం పట్టుకొంది.

2001 డిసెంబరులో ఆమోదం లభించింది. 2009 మార్చి 6 రాత్రి ఫ్లారిడా తీరం నుండి కెప్లర్ ఆకాశంలోకి ఎగసింది. తొలి పరిశోధన పత్రం నాటికి బొరూకీ వయస్సు 45 ఏళ్ళు, ప్రయోగం నాటికి 70.

కెప్లర్ చూసినది

కెప్లర్ సుమారు లక్షన్నర నక్షత్రాలను అరగంటకు ఒకసారి చొప్పున కొలుస్తూ పోయింది. 2011 జనవరిలో రాతి గ్రహమైన కెప్లర్-10బి వెల్లడయింది. అదే ఏడాది డిసెంబరులో కెప్లర్-22బిని ప్రకటించారు. దాని ఏడాది సుమారు 290 రోజులు. అది తన నక్షత్రానికి నివాసయోగ్య మండలంలో ఉంది. అంటే మరీ వేడీ మరీ చలీ కాక, గ్రహ ఉపరితలంపై నీరు ద్రవరూపంలో నిలవగల దూరంలో ఉందని అర్థం. 2014లో ప్రకటించిన కెప్లర్-186ఎఫ్, అటువంటి మండలంలో కనుగొన్న మొదటి భూ పరిమాణపు గ్రహం. అది మనకు 500 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ‘నివాసయోగ్యం’ అనగానే అక్కడ జీవులున్నాయని అనుకోరాదు. కెప్లర్ చెప్పినది గ్రహం పరిమాణం, అది తిరిగే కాలం మాత్రమే. అక్కడ గాలి ఉందో లేదో, నీరు ఉందో లేదో అది చెప్పలేదు. వాట్సాప్‌లో ‘మరో భూమి దొరికింది’ అనే సందేశం వచ్చినప్పుడు ఈ తేడాను పిల్లలకు వివరించడం మన బాధ్యత.

2012లో ఒకటి, 2013లో మరొకటి, దూరదర్శినిని కదలకుండా నిలిపే చక్రాలు రెండు చెడిపోయాయి. ఇక పని ముగిసిందనుకున్న వేళ, ఇంజనీర్లు సూర్యకాంతి కలిగించే ఒత్తిడినే ఊతగా చేసుకొని దానిని స్థిరంగా నిలిపారు. 2018 అక్టోబరులో ఇంధనం తీరిపోయే వరకు అది పనిచేసింది. అప్పటికి అది వెలికితీసిన గ్రహాల సంఖ్య 2,600 దాటింది. బొరూకీ 2015లో పదవీ విరమణ చేశారు. ఆ ఏడాదే ఖగోళశాస్త్రంలో ప్రతిష్ఠాత్మకమైన షా పురస్కారం ఆయనను వరించింది.

ఈ కథలో మన దేశానికీ చోటు ఉంది. కెప్లర్ మలిదశలో గుర్తించిన ఒక గ్రహాన్ని అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు రాజస్థాన్‌లోని ఆబూ పర్వతంపై ఉన్న తమ దూరదర్శినితో పరిశీలించి, అది భూమికి సుమారు 27 రెట్ల ద్రవ్యరాశి కలదని 2018లో తేల్చారు.

మన ఇళ్ళలో

‘నేను ఖగోళ శాస్త్రవేత్తనవుతాను’ అని ఇంట్లో అమ్మాయో అబ్బాయో అంటే, ‘అది మనవంటి వారికి ఎక్కడ సాధ్యం?’ అని నవ్వి ఊరుకునే తల్లిదండ్రులు ఉన్నారు. ఈ రంగానికి పునాది గణితం, భౌతికశాస్త్రం, వాటితోపాటు కంప్యూటరుపై పట్టు. ఇవి మన ఊళ్ళలోని కళాశాలల్లోనూ నేర్చుకోదగినవే. డిగ్రీ తర్వాత పరిశోధనకు బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ, పూణెలోని ఐయూకా వంటి సంస్థలు ఉన్నాయి.

అయితే ఈ దారిలో నడిచేవారికి చదువుతోపాటు మరొకటి కావాలి. సహనమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడమని కొందరు అనుకుంటారు. బొరూకీ చూపిన సహనం అటువంటిది కాదు. ప్రతి తిరస్కారంలోనూ ఒక కారణం ఉంది. ఆయన ఆ కారణాన్ని తనకు జరిగిన అవమానంగా గాక, తాను చేయవలసిన పనిగా తీసుకున్నారు. పోటీ పరీక్షలో తప్పిన బిడ్డ, ఇంటర్వ్యూ నుండి ఖాళీ చేతులతో వచ్చిన కొడుకు రేపు మన ముందు నిలబడవచ్చు. ఆ రోజు ‘ఎందుకు పోయింది?’ అని నిందించే ముందు, ‘వారు ఏ లోపం చెప్పారు? దానిని సరిచేయడానికి ఏమి కావాలి?’ అని పక్కన కూర్చొని అడుగుదాం.