మీకు తెలుసా? కోల్‌కతాను ఓడించిన మన పోలీసులు

ఇవాళ శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండు గంటల్లో కోల్‌కతా. 1950లలో హైదరాబాద్, కోల్‌కతాల మధ్య ఫుట్‌బాల్ పోరు సాగేది. మన జట్టు ఏ కోటీశ్వరుడిదో కాదు, హైదరాబాద్ సిటీ పోలీసుది! 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో కోల్‌కతా జట్టు మోహన్‌బగాన్‌ను ఓడించింది. 1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది.

ఈ గెలుపుల వెనకున్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అసలు బడిపంతులు. ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో బంతి తన్నినవాడే. చిన్న చిన్న పాస్‌లతో ఆడటం నేర్పించాడు. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

తమాషా ఏమిటంటే, సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం కోల్‌కతా వెళ్లి అక్కడి ఈస్ట్ బెంగాల్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. పోటీ పడుతూనే ఆ ఊరికి మనవాళ్లను ఇచ్చాం మరి! రహీం కథతో 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. రహీంగా నటించింది అజయ్ దేవగణ్.