నాడె నుండి చేతిఫోను వరకు

ఎమ్మిగనూరు పరిసరములలో డెబ్బది ఏండ్లు పైబడిన నేతపనివారు నేటికిని కలరు. వారిలో ఎవరైనను పింఛను పనిమీద పంచాయతీ కార్యాలయమునకు వచ్చి ఫోను చేతపట్టుకొని తికమకపడినప్పుడు, “పెద్దాయనకు యంత్రములు తెలియవు” అని మనము తేలికగా అనుచుందుము. సభ్యులారా, ఈ మాట ఎంతవరకు నిజమో విచారింపవలసి యున్నది. అది బొత్తిగా పొరపాటని మేము తలచుచున్నాము.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఎమ్మిగనూరు నాడు ఆ తాలూకాలోని ఊరు. అచ్చట 1938లోనే శ్రీ మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిరి. 1954లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగినది. ఆ సంఘము నీడలో పెరిగిన పిల్లవాడొకడు 1945 ప్రాంతమున పుట్టెననుకొందము. అతని బ్రతుకులో ఎన్ని యంత్రములు వచ్చినవో లెక్కించి చూతము.

మొదటిది రాట్నము. బడియీడునకే తల్లి ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టుట నేర్చును. పిమ్మట గుంట మగ్గము. పూర్వపు పద్ధతిలో నేతగాడు నాడెను ఒక చేత విసరి రెండవ చేత అందుకొనవలెను. గుడ్డ వెడల్పు అతని చేతుల చాపును మించుటకు వీలులేదు. 1733లో ఇంగ్లండునందు జాన్ కే అను నాతడు త్రాడు లాగినంతనే నాడె అటునిటు పరుగెత్తు ఉపాయమును కనిపెట్టెను. ఈ ఫ్లై షటిల్ మగ్గము ఇరువదవ శతాబ్ది ఆరంభము నుండి మద్రాసు రాజధానిలో విరివిగా వ్యాపించినది. దానివలన ఒక చేయి ఖాళీ అయినది, వెడల్పయిన దుప్పటి సాధ్యమైనది, నేత వేగము సుమారు రెట్టింపైనది. అయితే త్రాడు లాగు బలము ఏమాత్రము హెచ్చినను నాడె ఎగిరి బయటపడును. తగ్గినచో పడుగు నడుమ ఆగిపోవును. ఆ కొలత ఏ పుస్తకములోను లేదు. ముంజేతికి మాత్రమే తెలియును.

ఆ తరువాత అంచులకు, పువ్వులకు డాబీ, జకార్డు సాధనములు వచ్చినవి. జకార్డునందు అట్టలపై గల రంధ్రములే ఏ పోగు లేవవలెనో, ఏది లేవరాదో నిర్ణయించును. రంధ్రము ఉన్నచో ఒక ఆజ్ఞ, లేనిచో వేరొక ఆజ్ఞ. తొలినాటి కంప్యూటర్లకు ఆజ్ఞల నిచ్చుటకు వాడిన చిల్లుల అట్టలును ఈ జాతివే. అట్టి పనిని చేతులార చేసినవానిని యంత్రజ్ఞానము లేనివాడనుట ఎట్లు?

కాని నేర్పు ఉన్నంత మాత్రమున కూడు దొరకదు. మరమగ్గము గుడ్డను చౌకగా నేసి అంగడిలో పోయుచుండగా చేతిమగ్గము వెనుకబడినది. 1985లో పార్లమెంటు ఒక చట్టము చేసి కొన్ని రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించినది. అమలు చాలినంతగా సాగలేదని చెప్పక తప్పదు. మగ్గములు ఆగిన ఇండ్లవారు కొందరు ఆదోని దారి పట్టిరి.

ఆదోని పత్తికి పేరుపడిన అంగడి. జిన్నింగు మిల్లులో తిరుగుచున్న తోలు రోలరు దూదిని పట్టి లాగును. కత్తి అంచు గింజను అడ్డగించి క్రిందికి రాల్చును. తూకములో సుమారు మూడవవంతు దూది, తక్కినది గింజ. దూదిని 170 కిలోల బేళ్ళుగా అదుముదురు. ఇచ్చట పని ఋతువును బట్టి వచ్చును, పోవును. మగ్గము వద్ద యజమాని వంటివాడు మిల్లులో దినకూలీ యగును. యంత్రము మారుట కన్న ఈ హోదా మారుటయే అతనికి ఎక్కువ బాధ కలిగించెనని మా నమ్మకము.

ఇప్పుడు చేతిఫోను, ఆధారు, వ్రేలిముద్ర. వెనుకటి యంత్రములకును వీనికిని ఒక భేదము కలదు. మగ్గము నేర్పుటకు తండ్రి ప్రక్కన ఉండెను. నూలిచ్చి, గుడ్డ తీసికొని, కూలి చెల్లించుటకు సంఘము ఉండెను. ఫోను మాత్రము నేర్పువాడు లేకుండ ఒంటరిగా వచ్చినది. పైగా ఏండ్లతరబడి చేతిపని చేసినవారి వ్రేలి గీతలు అరిగిపోవును. యంత్రము వారి బొటనవ్రేలిని గుర్తింపదు.

ఆంధ్రప్రదేశ్‌లో చేనేత పింఛనుకు వయస్సు 50 ఏండ్లు. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలకు హెచ్చింపబడినది. వ్రేలిముద్ర పడలేదను కారణమున ఇట్టి మేలు ఆగరాదు. కంటిపాపతోగాని, ముఖముతోగాని గుర్తించు పద్ధతులు కలవు. ముద్ర పడనివారికి వేరు మార్గము చూపవలెనని ఆధారు సంస్థ 2017లోనే తెలిపియున్నది. ఈ సంగతి వృద్ధునికి తెలియదు. వార్డు సభ్యునికి తెలిసియుండవలెను.

మీ వార్డులో ముద్రలు పడని వృద్ధులెవరో ఒక జాబితా వ్రాసికొనుడు. ఆధారులోని ముద్రలను క్రొత్తగా ఇప్పించుట, ఫోను నంబరు మారినచో సరిచేయించుట దీపావళిలోపున ముగియుట మంచిది. అటుపిమ్మట కొడుకులు, కోడండ్రు మిరప, పత్తి పనులకై గుంటూరు వైపు వలసపోవుదురు. ఫోను సాధారణముగా వారితోనే పోవును.