తాళం వేసిన ఇళ్లు

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అందులో గౌతమి పాయకు వచ్చిన నీళ్లు సముద్రానికి పోయేది మా యానాం పక్క నుంచే. మా వీధిలో చాలా ఇళ్లకు నీళ్లు గడప దాటి లోపలికొచ్చాయి.

ఆ తరవాత నేనూ మా మేనల్లుడూ టేపు పట్టుకుని చుట్టుపక్కల గడపలన్నీ కొలిచాం, రోడ్డు మీంచి ఎన్ని అడుగుల ఎత్తో. మొత్తం 212 ఇళ్లు. వాడు వాటిని క్యూజీఐఎస్‌లో మ్యాపు మీదికెక్కించాడు. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేరది. ఉద్యోగమంతా డ్రాయింగు బల్ల దగ్గరే గడిపినవాణ్ణి కాబట్టి లేయరంటే నాకు ఇట్టే అర్థమైంది: ఒకదాని మీద ఒకటి పరిచిన ట్రేసింగు కాగితాలు. రోడ్లకొకటి, కాలవలకొకటి, ఇళ్లకొకటి. ఒక్కో ఇల్లూ ఒక ఫీచరు. పట్టికలో దానికో వరస, అందులో పేట పేరు, గడప ఎత్తు.

"మావయ్యా, ఇక మౌసుతో నొక్కక్కర్లేదు" అని పైథాన్‌లో ఒక్క వాక్యం కొట్టాడు. లేయరు పేరు, చుక్క, 'సెలెక్ట్‌బైఎక్స్‌ప్రెషన్', బ్రాకెట్లలో షరతు: గడప రెండడుగుల లోపు. చిటికెలో పల్లపు ఇళ్లన్నీ పసుపు రంగులోకి మారాయి. వరద పెరిగేలా ఉంటే రెండు తీసి మూడు వేస్తే చాలు.

నేనూ ప్రయత్నించాను. పేట కనకాలపేట అయిన ఇళ్లు కావాలన్నాను. ఒక్కటీ రాలేదు. తప్పని కూడా చెప్పలేదు కంప్యూటరు మహానుభావుడు! గడి పేరుకు జంట కోట్లు, అందులోని మాటకు ఒంటి కోట్లు పెట్టాలట. నేను రెంటికీ ఒంటివే పెట్టాను. దాంతో అది 'పేట' అనే మాటనూ 'కనకాలపేట' అనే మాటనూ పోల్చి, రెండూ ఒకటి కావని తేల్చేసింది.

అసలు దెబ్బ వేరే. రెండడుగుల లోపు 61 ఇళ్లు, రెండూ ఆపైన 140. పాత అలవాటు కొద్దీ కాగితం మీద కూడితే 201. మిగతా పదకొండు? మేం వెళ్లినప్పుడు తాళం వేసున్నవి. ఎత్తు గడి ఖాళీ. ఖాళీని కంప్యూటరు 'నల్' అంటుంది. అది రెండుకు తక్కువా కాదు, ఎక్కువా కాదు, అలా పోల్చే ఏ షరతుకీ చిక్కదు. మేం ఆ జాబితానే నమ్మి వరదప్పుడు పడవ పంపిస్తే ఆ పదకొండు గడపలకూ ఎవరూ వెళ్లేవారు కాదు.

షరతు చివర 'ఆర్ గడప ఈజ్ నల్' అని చేర్చాడు మావాడు. మరునాడు మళ్లీ టేపు పట్టుకుని బయల్దేరాం. తొమ్మిది ఇళ్లు తీసున్నాయి. వాటిలో ఏడింటి గడప రెండడుగుల లోపే.