వెన్నుపాము ఎందుకు అతుక్కోదు?

చేతిలో నరం తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగగలదు. వెన్నుపాములో తెగిన తంతువు ఎందుకు పెరగదు? బొత్తిగా చేతకాక కాదు. దెబ్బ తగిలిన చోట మచ్చ కడుతుంది. పైగా తంతువుల చుట్టూ ఉండే మైలిన్ పొరలోని కొన్ని ప్రోటీన్లు ఎదుగుదలను అడ్డుకుంటాయి. అడ్డు లేకపోతే? 1981లో మాంట్రియల్‌లో ఆల్బర్ట్ అగ్వాయో బృందం ఎలుకల్లో కాలి నరం ముక్కను వంతెనలా అమర్చింది. వెన్నుపాము తంతువులు అందులోకి చక్కగా పెరిగాయి!

మరి మందు ఇంకా ఎందుకు రాలేదు? ఒక చిక్కు చూడండి. ఒక్కో ప్రయోగశాల ఎలుకలకు ఒక్కో తీరుగా గాయం చేస్తే, ఎవరి మందు మేలో పోల్చేదెలా? అందుకే అమెరికాలో వైజ్ యంగ్ బృందం ఒక పరికరాన్ని వాడుకలోకి తెచ్చింది. మత్తు ఇచ్చిన ఎలుక వెన్నుపాముపై 10 గ్రాముల కడ్డీ 12.5, 25 లేదా 50 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ గాయం ఎక్కడైనా ఒకే కొలతలో ఉంటేనే ఫలితాలను నమ్మగలం. యంగ్ ఆ తర్వాత న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో కెక్ సెంటర్‌ను స్థాపించారు. ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఇతర ప్రయోగశాలల శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లేవారు.