ఓడిన క్షణానికీ మళ్లీ కాసే క్షణానికీ మధ్య

డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసినప్పుడు చర్చంతా రమ్మీ చుట్టూ, క్రికెట్ ఫాంటసీ లీగుల చుట్టూ తిరిగింది. అదే చట్టంలో ఉన్న మరో నిబంధన అంతగా ఎవరి కంటా పడలేదు. ఇలాంటి ఆటలకు బ్యాంకులు, చెల్లింపు సంస్థలు డబ్బు బదిలీ చేయకూడదు. అంటే ఆటతోపాటు డబ్బు వెళ్లే దారిని కూడా మూయాలన్నది ఆలోచన. ఇది వినగానే ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. ఆడాలనుకున్నవాడు ఒకచోట కాకపోతే ఇంకోచోట అప్పు తెచ్చుకోడా? కార్డు ఆపినంత మాత్రాన వ్యసనం ఆగుతుందా?

ఈ ప్రశ్నకు ఊహాగానాలతో పని లేదు. బ్రిటన్ దీన్ని చేసి చూసింది. అక్కడ జూదం చట్టబద్ధం. గ్యాంబ్లింగ్ కమిషన్ అనే నియంత్రణ సంస్థ లైసెన్సులిస్తుంది. క్రెడిట్ కార్డుతో పందెం కాయడాన్ని ఆపేస్తామని ఆ సంస్థ 2020 జనవరి 14న ప్రకటించి, ఏప్రిల్ 14 నుంచి అమల్లో పెట్టింది. అప్పటికి దాదాపు 8 లక్షల మంది అలా ఆడుతున్నారని అంచనా. ఆన్‌లైన్‌లో క్రెడిట్ కార్డుతో ఆడేవారిలో 22 శాతం మందికి జూదం ఒక సమస్యగా ముదిరిందని కమిషన్ పరిశోధనలో తేలింది. ఆస్ట్రేలియా కూడా 2024 జూన్ 11 నుంచి ఆన్‌లైన్ పందేల విషయంలో ఇదే బాట పట్టింది. లాటరీలను మాత్రం వదిలేసింది.

చట్టం సంగతి ఇంతే. అది దేన్ని అడ్డుకుంటుందో అర్థం కావాలంటే క్రెడిట్ కార్డు మనిషి చేత ఏం చేయిస్తుందో చూడాలి. అక్కడే ఈ కథ రక్తి కడుతుంది.

అమెరికాలోని ఎమ్‌ఐటీలో డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు తమ ఎంబీఏ విద్యార్థుల మధ్య ఒక వేలం పెట్టారు. బోస్టన్ సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఆడే మ్యాచ్‌కు టికెట్లు. బయట ఎక్కడా దొరకడం లేదు. ఎవరికెంత ఇవ్వాలనిపిస్తే అంత కాగితం మీద రాసివ్వాలి. సగం మందికి గెలిస్తే నగదు కట్టాలన్నారు, మిగతా సగానికి క్రెడిట్ కార్డుతో కట్టాలన్నారు. తేడా అంతే. చదువుతున్నది వ్యాపార నిర్వహణ, టికెట్లు అవే, ఆట అదే. అయినా కార్డు వారు సగటున రాసిన మొత్తం నగదు వారిదానికి రెట్టింపు దాటింది. 2001లో అచ్చయిన ఈ ఫలితం ఆర్థికశాస్త్రవేత్తలకు మింగుడుపడలేదు. వంద రూపాయలు ఏ జేబులోంచి తీసినా వందేనన్నది వారి పాఠాల్లో మొదటి పేజీ మరి.

దీనికి ప్రెలెక్ దగ్గర అప్పటికే ఒక వివరణ ఉంది. 1998లో జార్జ్ లోవెన్‌స్టీన్‌తో కలిసి రాసిన వ్యాసంలో, డబ్బు చేయిదాటుతుంటే మనసుకు ఒక చిన్న నొప్పి కలుగుతుందని, కార్డు ఆ నొప్పిని మొద్దుబారుస్తుందని అన్నాడు. కొనేది ఇవాళ, కట్టేది వచ్చే నెల. రెంటికీ మధ్య ముడి వదులైపోతుంది. 2007లో బ్రయన్ నట్సన్ బృందం మనుషులను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి వస్తువులను, ధరలను చూపించింది. ధర మరీ ఎక్కువ అనిపించినప్పుడు మెదడులో ఇన్సులా అనే భాగం చురుకెక్కింది. శరీరానికి బాధ కలిగినప్పుడు స్పందించే ప్రాంతాల్లో అదొకటి. ఇంకేం, నొప్పి సిద్ధాంతం గెలిచినట్టేనని చాలామంది అనుకున్నారు. పుస్తకాలకెక్కింది, ఉపన్యాసాలకెక్కింది.

అయితే అంతకు చాలా ముందే, 1986లో, రిచర్డ్ ఫైన్‌బర్గ్ అనే పరిశోధకుడు దీనికి భిన్నమైన మాట చెప్పాడు. కార్డు నొప్పిని తగ్గించడం లేదు, కోరికనే పెంచుతోందని అతని వాదన. కార్డు గుర్తు కంటికి కనబడేలా పెడితే చాలు, ఖర్చు చేయాలన్న ఉత్సాహం పెరుగుతుందన్నాడు. కార్డుతో కొన్న ప్రతిసారీ కలిగిన ఆనందం ఆ గుర్తుకు అంటుకుపోయి, చివరికి గుర్తే ఆనందాన్ని రేపుతుందని వివరించాడు. మరో బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. దాంతో ఫైన్‌బర్గ్ మాట పక్కకు పోయింది.

2021లో ప్రెలెక్ సహా నలుగురు పరిశోధకులు ఎమ్మారై యంత్రంలోనే జనం చేత నిజమైన డబ్బుతో, సొంత కార్డుతో వస్తువులు కొనిపించారు. నొప్పి సిద్ధాంతమే నిజమైతే కార్డు ముందుకొచ్చినప్పుడు ఇన్సులా చల్లబడాలి. జరిగింది వేరు. కార్డుతో కొన్నప్పుడు స్ట్రయేటం అనే ప్రాంతం భగ్గుమంది. మెదడులో ఆశకూ ఆనందానికీ కేంద్రం అది. మాదకద్రవ్యాలు పట్టి లాగేదీ దాన్నే. పైగా వస్తువు ధర ఎంతన్నదానితో ఆ స్పందనకు సంబంధమే లేదు. నగదుతో కొనేటప్పుడు ఆ కేంద్రం చౌక వస్తువులకే, అదీ కొద్దిగా స్పందించింది. కార్డు బ్రేకును తీసేయడం లేదు, యాక్సిలరేటర్‌ను తొక్కుతోంది అని పరిశోధకులు తేల్చారు. తాను నిలబెట్టిన సిద్ధాంతాన్ని ప్రెలెక్ తన చేతులతోనే సవరించుకున్నాడు. ముప్పై అయిదేళ్ల తర్వాత ఫైన్‌బర్గ్ మాటకు ప్రాణం వచ్చింది. విజ్ఞానశాస్త్రంలో ఇంతకన్నా అందమైన ఘట్టాలు అరుదు.

ఇప్పుడు దీన్ని జూదం పక్కన పెట్టి చూడండి. పందెం తానే స్ట్రయేటాన్ని రెచ్చగొట్టే పని. దానికి కట్టే సాధనమూ అదే కేంద్రాన్ని రెచ్చగొడితే ఒక మంటకు రెండో మంట తోడైనట్టు.

అయినా జూదగాణ్ని ముంచేది మొదటి పందెం కాదు. ఓడిన తర్వాత కాసే పందెం. హెన్రీ లెసూర్ అనే సామాజికశాస్త్రవేత్త జూదవ్యసనపరుల జీవితాలను దగ్గరి నుంచి చూసి 1977లో ఒక పుస్తకం రాశాడు. దాని పేరే 'ద ఛేజ్', అంటే వేట. పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలని మనవాళ్లు అంటారు చూడండి, జూదగాడి తర్కం అచ్చం అదే. పోయిన డబ్బు తిరిగి రావాలంటే ఆడాలి, ఆడాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే అప్పు చేయాలి. అప్పు తీరాలంటే మళ్లీ గెలవాలి. ఋగ్వేదం పదో మండలంలోని జూదగాడి సూక్తంలోనూ అప్పులపాలైన మనిషి ఉన్నాడు. భారతంలో ధర్మరాజు చేసిందీ ఇదే: సంపద పోయాక రాజ్యం, రాజ్యం పోయాక తమ్ముళ్లు, తర్వాత తాను, చివరికి ద్రౌపది.

లెసూర్ అక్కడితో ఆగలేదు. షీలా బ్లూమ్ అనే వైద్యురాలితో కలిసి 1987లో ఒక పరీక్షాపత్రం తయారుచేశాడు. సౌత్ ఓక్స్ స్క్రీన్ అని పేరు. మొత్తం 20 మార్కులు. 5 వచ్చాయంటే వ్యసనం ముదిరిందని అనుమానించాలి. ఆ 20లో 9 మార్కులు ఒక్క ప్రశ్నవే: ఆడటానికో, ఆటలో చేసిన బాకీ తీర్చడానికో డబ్బు ఎక్కడి నుంచి తెచ్చావు? ఇంటి ఖర్చుల సొమ్ములోంచా, భార్య లేదా భర్త దగ్గరా, బంధువుల దగ్గరా, బ్యాంకులోనా, క్రెడిట్ కార్డు మీదా, వడ్డీ వ్యాపారి దగ్గరా? షేర్లు, బాండ్లు సొమ్ము చేసుకున్నావా, ఆస్తి అమ్మావా, ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు రాశావా? అప్పుకు ఇన్ని మార్కులేమిటని తర్వాతి పరిశోధకులు విమర్శించారు. 2001లో కెనడాలో వచ్చిన తొమ్మిది ప్రశ్నల పరీక్షలో అప్పుకు ఒక్క ప్రశ్నే మిగిలింది.

పరీక్షగా దాని లోపాలు దానికున్నా, ఆ జాబితా బంగారం. తొమ్మిదింటినీ మరోసారి చూడండి. బంధువు దగ్గర చేబదులు తీసుకోవాలంటే అతని మొహం చూడాలి, ఒక అబద్ధం చెప్పాలి. నగ అమ్మాలంటే దుకాణం తెరిచే దాకా ఆగాలి. బ్యాంకు అప్పుకు కాగితాలు కావాలి. క్రెడిట్ కార్డు ఒక్కటే ఎవరి మొహమూ చూడకుండా, ఓడిన పది సెకన్లలో, అర్ధరాత్రి రెండు గంటలకైనా, పడుకున్న మంచం మీదే అప్పు ఇస్తుంది. పైగా బ్రిటన్‌లో బ్యాంకులు కార్డుతో కాసిన పందేన్ని నగదు తీసుకున్నట్టుగా లెక్కగట్టేవి. అంటే గడువు లేదు, తీసిన రోజు నుంచే వడ్డీ. వేటలో ఉన్న మెదడుకు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వని ద్వారం అది. నిషేధం మూసింది దాన్నే. తొమ్మిదిలో ఒకటే అని తీసిపారేయడం పొరపాటు.

డబ్బుకూ ఆటకూ మధ్య కాస్త దూరం పెడితే పని జరుగుతుందనడానికి రుజువులున్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2012 జూలై 1 నుంచి పోకర్ మెషిన్లున్న క్లబ్బుల్లో, హోటళ్లలో ఏటీఎంలను తీసేసింది. కౌంటర్ దగ్గర ఉద్యోగిని అడిగి కార్డు మీద నగదు తీసుకోవచ్చు, వీధి దాటి వేరే ఏటీఎంకూ వెళ్లొచ్చు. నిషేధమేమీ లేదు, నాలుగడుగుల నడక, ఒక మనిషితో మాట. అంతమాత్రానికే మెషిన్ల మీద జనం పెట్టిన ఖర్చు ఉండాల్సినదానికన్నా దాదాపు 7 శాతం తగ్గిందని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయం అధ్యయనం తేల్చింది. నార్వే 2006లో స్లాట్ మెషిన్లు నోట్లు మింగకుండా చేసి నాణేలకే పరిమితం చేస్తే, కుర్రవాళ్లు ఆడటం గణనీయంగా తగ్గింది. బ్రిటన్‌లో మోంజో అనే బ్యాంకు 2018లో తన యాప్‌లో ఒక మీట పెట్టింది. నొక్కితే జూదానికి చెల్లింపులు ఆగిపోతాయి. మళ్లీ తెరవాలంటే బ్యాంకు సిబ్బందితో మాట్లాడి 48 గంటలు ఆగాలి. ఆవేశం సాధారణంగా అంతసేపు నిలవదు.

ఇంతకీ అది పందెమని బ్యాంకుకు ఎలా తెలుస్తుంది? ప్రతి వ్యాపారానికీ కార్డు సంస్థలు నాలుగంకెల కోడ్ ఇస్తాయి. జూదానిది 7995. చెల్లింపు వచ్చినప్పుడు బ్యాంకు కంప్యూటరు ఆ అంకె చూసి సరే అనో వద్దనో చెబుతుంది. ఈ కాపలాను ఏమార్చిన ఘనులూ ఉన్నారు. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ మూడు పెద్ద ఆన్‌లైన్ పోకర్ కంపెనీల వారిపై కేసులు పెట్టింది. జూదం డబ్బును నగలు, గోల్ఫ్ బంతులు అమ్మే ఉత్తుత్తి దుకాణాల పేరిట బ్యాంకులు దాటించారన్నది అభియోగం. బ్రిటన్ ఇలాంటి సందులను ముందే ఊహించి, ఈ-వాలెట్‌లోకి క్రెడిట్ కార్డు సొమ్ము వేసి ఆడే దారినీ మూసింది.

మరి ఫలితం? ముహూర్తమే బాగాలేదు. నిషేధం మొదలయ్యేనాటికి కోవిడ్ లాక్‌డౌన్‌తో బెట్టింగ్ షాపులు మూతపడ్డాయి, గుర్రప్పందేలు ఆగిపోయాయి. ఏ తగ్గుదల దేనివల్లో విడదీయడం కష్టమైంది. అయినా నాట్‌సెన్ అనే పరిశోధన సంస్థ జూదగాళ్లతో మాట్లాడి చూసింది. మామూలుగా ఆడేవాళ్లు పెద్దగా ఎదురు చెప్పకుండా చేతిలో ఉన్న సొమ్ముతో ఆడటానికి మళ్లారు. జనం అక్రమ వడ్డీ వ్యాపారుల వెంటపడతారని నిషేధానికి ముందు చాలామంది భయపెట్టారు. ఆ భయానికి ఆధారం దొరకలేదు. పీకల్లోతు కూరుకుపోయినవాళ్లలో కొందరు మాత్రం వేరే అప్పులు వెతుక్కున్నారు. అంటే మునగబోయేవారిని ఇది ఆపుతుంది. మునిగినవారికి ఇదొక్కటే చాలదు.

తెలుగు రాష్ట్రాలకు ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కుంది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బాటలను నిషేధించాయి. కానీ ఆ 2020 చివర్లోనే హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపుల కేసులు వరసగా బయటపడి అరెస్టుల దాకా వెళ్లాయి. నిమిషాల్లో అప్పు, పూచీకత్తు లేదు, ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. క్రెడిట్ కార్డును ప్రమాదకరం చేసిన లక్షణాలన్నీ లోన్ యాప్‌లోనూ ఉన్నాయి. పైగా ఆ డబ్బు మామూలు బ్యాంకు ఖాతాలో పడి అక్కడి నుంచి ఆటలోకి వెళ్తుంది కాబట్టి, అది అప్పు సొమ్మని ఏ కోడూ చెప్పదు. డబ్బు దారి మూయాలని నిజంగా అనుకునేవారు ముందు చూడాల్సింది ఆ వేగాన్ని. అప్పు మంజూరుకూ డబ్బు చేతికి రావడానికీ మధ్య ఒక్క రాత్రి గడువు పెట్టడానికి పెద్ద సాంకేతికత ఏమీ అక్కర్లేదు.

ఇళ్లలో పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో జూదాన్ని వ్యసనాల జాబితాలో చేర్చింది. అందుకు పెట్టిన తొమ్మిది లక్షణాల్లో, ఓడిన డబ్బు కోసం మరో రోజు మళ్లీ వెళ్లడం ఒకటి, బాకీలు తీర్చమని ఇతరుల మీద ఆధారపడటం మరొకటి. ప్రేమకొద్దీ తండ్రి పొలం అమ్మి కొడుకు బాకీ ఒకేసారి కట్టేస్తే, ఆ కొడుకు చేతికి పరిమితి లేని కొత్త కార్డు వచ్చినట్టే. సొమ్ము అతని చేతికివ్వకుండా అప్పిచ్చినవారికే నేరుగా, వాయిదాల మీద కట్టడం మేలు. ఆ వాయిదాలు నడుస్తుండగానే చికిత్సా మొదలుపెట్టాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాలకు ప్రత్యేక క్లినిక్ ఉంది. అంత దూరం వెళ్లలేనివారు 14416కు ఫోన్ చేస్తే, కేంద్రం నడిపే టెలి మానస్ కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.