జారిన గర్భసంచి, జాగైన ఆపరేషన్

గర్భసంచి, మూత్రాశయం, మలాశయం స్త్రీ పొత్తికడుపు అడుగున ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కటి ఎముకల మధ్య ఊయల కట్టినట్టుండే కండరాలు, వాటికి తోడు నారల్లాంటి బంధనాలు వీటి బరువు మోస్తాయి. కాన్పుల్లో ఆ కండరాలు సాగుతాయి, కొన్నిసార్లు చిరుగుతాయి. ముట్లు ఆగిపోయాక ఇంకా పలచబడతాయి. పట్టు సడలినప్పుడు లోపలి అవయవాలు యోనిలోకి, ముదిరితే బయటికి దిగుతాయి. ఊళ్లలో దీన్నంతటినీ గర్భసంచి జారడమనే అంటారు. ముందు గోడ సడలి మూత్రాశయం దిగినా, వెనక గోడ సడలి మలాశయం దిగినా, ఏనాడో గర్భసంచి తీయించుకున్నావిడకు యోని పైకొనే కిందికి వచ్చినా పడే బాధ ఇంచుమించు ఒకటే. నడుం లాగేస్తుంది, సాయంత్రమయ్యేసరికి కింద బరువుగా ఉంటుంది, మూత్రం ఒక పట్టాన రాదు, వస్తే ఆగదు. ముదిరినవాళ్లు బయటికొచ్చిన భాగాన్ని వేలితో లోపలికి నెట్టుకుంటే గాని మూత్రం పోసుకోలేరు.

దీనికి మొదటి కారణం కాన్పులు. బిడ్డ పెద్దదైనా, నొప్పులు గంటల తరబడి సాగినా, గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కమని తొందరపెట్టినా కండరాలకు దెబ్బ తగులుతుంది. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే కాన్పులు, బాలింతరాలు కోలుకోకముందే పనిలోకి దిగడం ఆ దెబ్బను మాననివ్వవు. ఆపైన కడుపు మీద ఒత్తిడి పెంచేది ఏదైనా జారడాన్ని ముదరబెడుతుంది. మానని దగ్గు, మలబద్ధకం, స్థూలకాయం, బరువులెత్తడం అందులోవే. గోదావరి డెల్టాలో కూలికి వెళ్లే ఆడవాళ్ల పనంతా ఈ ఒత్తిడితోనే నడుస్తుంది. సార్వాకొకసారి, దాళ్వాకొకసారి మోకాలి లోతు బురదలో నడుం వంచి ఊడ్పులు, కోతలప్పుడు మోపులు, రొయ్యల షెడ్లలో గంటల కొద్దీ నిలబడి తలలు తీయడం, ఇంటికొచ్చాక నీళ్ల బిందెలు, పశువుల మేత. ఇవి మానేయమని చెప్పడం తేలికే. ఆ మానేసిన రోజుల కూలి ఎవరిస్తారన్నదానికి జవాబు చెప్పడమే కష్టం.

ఆపరేషన్ కోసం ఎదురుచూడడమంటే ఆసుపత్రి తారీఖు కోసం చూడడమే అనుకుంటాం. చాలామందికి అంతకు ముందే ఇంట్లో ఏళ్లు గడిచిపోతాయి. మొగుడికి చెప్పుకోలేరు, కొడుకుతో అనలేరు, కోడలి దగ్గర నోరు మెదపరు. వయసు పైబడ్డాక ఇది మామూలేనని ఇరుగుపొరుగు చెబితే నమ్మేస్తారు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ రాణి బంగ్ బృందం రెండు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా స్త్రీ వ్యాధులకు పరీక్ష జరిగినవారు 8 శాతమే. రోగం కన్నా మౌనమే పెద్దదిగా ఉందని దేశానికి లెక్కలతో చూపించిన తొలి అధ్యయనాల్లో అదొకటి.

నోరు విప్పాక మొదట కనిపించేది ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం. అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆపైన అమలాపురం, తణుకు, భీమవరం లాంటి పట్టణాల్లోని ప్రభుత్వ ఆసుపత్రులు. క్లిష్టమైన కేసులకు దశాబ్దాలుగా పెద్ద దిక్కు కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రి. 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలకు అదే బోధనాసుపత్రి. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరవడంతో ఒక్క కాకినాడ మీదే పడుతున్న బరువు పంచుకునే వీలు కలిగింది.

ఓపీలో జరిగే పరీక్షకు యంత్రాలేమీ అక్కర్లేదు. మూత్రం పోసుకుని రమ్మంటారు, బల్ల మీద పడుకోబెడతారు, మధ్యలో తెర ఉంటుంది. "ఏమ్మా, ఒకసారి గట్టిగా దగ్గు" అంటారు డాక్టరమ్మ. దగ్గినప్పుడు ఏ గోడ ఎంత దిగిందో అప్పుడే తెలిసిపోతుంది. కొందరికి పడుకుంటే అంతా లోపలికి సర్దుకుంటుంది. అలాంటివాళ్లను గొంతుక్కూర్చోబెట్టి చూడాలి. "రోజంతా పని చేశాకే దిగుతుందండి, పొద్దున్నే ఏమీ ఉండదండి" అని చెప్పే మనిషిని పొద్దుటి ఓపీలో హడావుడిగా చూసి ఏమీ లేదని పంపేస్తే, ఆవిడ మళ్లీ వచ్చేసరికి ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది. ఎంత దిగిందన్నదాన్ని బట్టి నాలుగు దశలుగా లెక్కిస్తారు. బాధ లేని తొలి దశకు ఆపరేషన్ అక్కర్లేదు.

ఆపరేషన్ కావాలని రాసిన తర్వాత ఆలస్యానికి కారణాలు చాలా ఉంటాయి. ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బు కాదు కాబట్టి అత్యవసరాల వెనక నిలబడాలి. గైనిక్ విభాగంలో అత్యవసరమంటే కాన్పు. రాత్రి నాలుగు సిజేరియన్లు వచ్చాయంటే పొద్దుట అనుకున్న ఆపరేషన్ మర్నాటికి, మర్నాడు కుదరకపోతే పై వారానికి పోతుంది. ఆపరేషన్ బల్లలు, మత్తు డాక్టర్లు, మంచాలు, రక్తం సీసా ఒకే రోజున కలిసి రావాలి. పేద కుటుంబాలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, డబ్బు భారాన్ని తీసింది గాని వరసను తీసేయలేదు. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు సరిపోలకపోతే అక్కడే ఒక వాయిదా.

నిరీక్షణలో కొంత వైద్యానికే అవసరం. చాలాకాలం బయట ఉన్న భాగం లంగాకు రాసుకుని పుండు పడుతుంది. పుండు మీద కోస్తే కుట్లు నిలవవు. అందుకే ఆక్రిఫ్లావిన్, గ్లిజరిన్ కలిపిన మందులో పొడవాటి గాజుగుడ్డను తడిపి, జారిన భాగాన్ని లోపలికి నెట్టి, గుడ్డను మడతలు మడతలుగా లోపల సర్ది ఉంచుతారు. రోజూ మారుస్తారు. వేలాడడం ఆగి రక్తప్రసారం కుదుటపడగానే వాపు తగ్గి, కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లోపు పుండు మానుతుంది. మానకపోతే ముక్క తీసి క్యాన్సర్ పరీక్షకు పంపాలి. రక్తహీనత ఉంటే హిమోగ్లోబిన్ పెంచాలి, షుగరు, బీపీ అదుపులోకి తేవాలి, గుండె పరీక్ష చేయించాలి. అరవై దాటినవాళ్లకు ఈ "ఫిట్‌నెస్" కాగితం ఒక్కటే రెండు మూడు తిరుగుళ్లు. పల్లె నుంచి వచ్చిన మనిషికి మాత్రం ఇదంతా వట్టి తిప్పుడుగానే కనిపిస్తుంది. ఎందుకు ఆగమంటున్నారో నాలుగు మాటల్లో చెప్పే మనిషి ఉంటే, ఒక వాయిదాకే విసిగి ఆసుపత్రి మానేసేవాళ్లు తగ్గుతారు.

వాయిదాలు వేసేది ఆసుపత్రి ఒక్కటే కాదు. జూలై, ఆగస్టుల్లో తారీఖు ఇస్తే సార్వా ఊడ్పులు, డిసెంబరు, జనవరుల్లో ఇస్తే దాళ్వా, మధ్యలో సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తారు. కాలువలు కట్టేసే వేసవి ఖాళీ, కానీ ఎండల్లో కుట్లు మానవని భయం. ఆ భయానికి ఆధారం లేదు. ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు వారాలు బరువులెత్తకూడదన్నదే అసలు చూసుకోవలసింది, ఆ లెక్కన పొలం పని లేని వేసవే డెల్టా కూలీలకు అనువైన కాలం.

ఎదురుచూసే రోజుల్లో బాధను చాలావరకు తగ్గించే సాధనం రింగ్ పెసరీ. సిలికాన్‌తోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చక్రం అది. కొలత చూసి యోనిలో అమరిస్తే జారే భాగాన్ని పైకి పట్టి ఉంచుతుంది. సరిగ్గా కుదిరితే మనిషికి అది లోపల ఉన్నట్టే తెలియదు. మూడు నెలలకో, ఆరు నెలలకో తీసి శుభ్రం చేసి, పుండు పడలేదని చూసి మళ్లీ పెట్టాలి. అది మరచిపోతేనే ప్రమాదం. ఆపరేషన్‌కు తట్టుకోలేని వృద్ధులకు జీవితాంతమూ ఇదే వైద్యం కావచ్చు. ఇంత చవకైన వస్తువు పల్లె ఆసుపత్రి దాకా చేరాలి. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చారు. తొలి దశల్లో దానివల్ల ఇబ్బందులు తగ్గుతాయని 2014లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం నిరూపించింది. పూర్తిగా బయటికి దిగినదాన్ని అది లోపలికి పంపలేదు.

ఆంధ్రదేశంలో ఈ నిరీక్షణకు బాధ కలిగించే మరో ముఖం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అన్ని రాష్ట్రాల్లోకీ అదే ఎక్కువ. తెల్లబట్ట అయినా, నడుం నొప్పి అయినా, క్యాన్సర్ వస్తుందని బెదిరించి తీసేసిన ఉదంతాలు బయటపడ్డాక, ఆరోగ్యశ్రీలో ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. అనవసరపు ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. కట్టడి న్యాయమైనదే. అయితే ప్రభుత్వాసుపత్రుల్లో బల్లలూ డాక్టర్లూ ఆ మేరకు పెరగకపోతే, గర్భసంచి నిజంగా జారినవాళ్లే వరసలో వెనక్కి పోతారు. అక్కర్లేనివాళ్లకు చిటికెలో జరిగిపోయిన ఆపరేషన్, అక్కరున్నవాళ్లకు అందకపోవడం కన్నా అన్యాయం లేదు.

పైగా గర్భసంచి తీసేస్తే జారడం దానంతట నయం కాదు. సడలింది దాన్ని మోసే కట్టు. యోని మార్గంలో గర్భసంచి తీసినప్పుడు ముందు వెనక గోడలను బిగించి, పైకొనను గట్టి బంధనానికి కుట్టడమే అసలు పని. అది సరిగ్గా జరగకపోతే కొన్నేళ్లకు పైకొనే జారుతుంది. పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్లకు గర్భసంచిని ఉంచి పైకి కట్టే పద్ధతులు మన దేశంలోనే అభివృద్ధి చెందాయి. బొంబాయి వైద్యులు షిరోద్కర్, పురందరేల పేర్లు వాటికి ఇప్పటికీ ఉన్నాయి. యోని గుండా వల అమర్చే పద్ధతి నొప్పి, కోత లాంటి సమస్యలు తెచ్చినందువల్ల, జారుడుకు వాడే అలాంటి వలల అమ్మకాన్ని అమెరికా 2019లో ఆపించింది.

పొరుగునే ఉన్న నేపాల్‌లో 2008లో అక్కడి సుప్రీంకోర్టు ఈ సమస్యను స్త్రీల పునరుత్పత్తి హక్కుల ఉల్లంఘనగా తేల్చింది. ప్రభుత్వం ఉచిత ఆపరేషన్ల శిబిరాలు నడిపింది. సంపన్న దేశమైన బ్రిటన్‌లోనూ గైనిక్ నిరీక్షణ జాబితాలు మిగతా విభాగాల కన్నా వేగంగా పెరిగాయని స్త్రీవైద్య నిపుణుల రాయల్ కళాశాల 2022లో నివేదించింది. ప్రాణాపాయం లేదన్న పేరుతో ఆడవాళ్ల జబ్బులను వెనక్కి నెట్టడం ఒక్క గోదావరి తీరానికే చెందినది కాదు.

ఆపరేషన్ సాధారణంగా వెన్నులో మత్తిచ్చి చేస్తారు. మూత్రపు గొట్టం ఒకటి నుంచి కొద్ది రోజులు ఉంచుతారు. తీశాక మూత్రం సాఫీగా పోతోందని చూశాకే ఇంటికి పంపాలి. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. ఆరు వారాల దాకా బిందె ఎత్తకూడదు, గొంతుక్కూర్చుని పని చేయకూడదు, కాపురానికి దూరంగా ఉండాలి. మలబద్ధకం రాకుండా నీళ్లు, ఆకుకూరలు, అవసరమైతే మందు. జ్వరం, దుర్వాసనతో స్రావం, ఎక్కువ రక్తం, మూత్రం రాకపోవడం కనిపిస్తే తారీఖు కోసం ఆగకుండా ఆసుపత్రికి రావాలి. మళ్లీ జారే అవకాశం కొందరిలో ఉంటుంది కాబట్టి ఆరు వారాల పరీక్షకు తప్పక వెళ్లాలి. ఏం ఆపరేషన్ చేశారో, దేన్ని దేనికి కట్టారో రాసి ఉన్న డిశ్చార్జి కాగితాన్ని ఇంట్లో భద్రంగా దాచుకోవాలి. ఏళ్ల తర్వాత ఇంకో డాక్టరు చూడవలసి వస్తే మొదట అడిగేది అదే.